సాంచా ఆగిన రోజు కూలి ఎవరిది?



నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘ఆర్థిక సంక్షోభంలో సామాన్య కార్మికుడు’. దేశం మొత్తాన్ని గంటలో చుట్టి రావడం నాకు చేతకాదు. సిరిసిల్లలో నిలబడి సిరిసిల్ల గురించే మాట్లాడతాను. మనం ఎవరిని తలుచుకోవడానికి ఇక్కడ చేరామో ఆ సార్‌ను ఎరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే వాళ్లెవరు కలిసినా ఆయన మీటరుకు ఎంత ఇస్తున్నారని అడిగేవారు కాదు. నెలలో ఎన్ని రోజులు నడిచిందని అడిగేవారు. కూలి గురించి మనం ఇన్నేళ్లుగా పెట్టుకున్న తగాదా అంతా రేటు మీదే. సమ్మెలు రేటు కోసం, ఒప్పందాలు రేటు మీద, పత్రికల్లో వార్తలు రేటు పెరిగిందని. రేటు ముఖ్యం కాదని నేను అనను. ఇంటిని ముంచేది మాత్రం ఎక్కువసార్లు రేటు కాదు, పని లేని రోజు. ఆ రోజు ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది, ఎందుకు పడుతోంది అన్నదే ఇవాళ నా మాట.

ముందు కూలి ఎట్లా పుడుతుందో చూద్దాం. తెలిసినవాళ్లు ఓపిక పట్టాలి. ఈ ఉపన్యాసం అచ్చయ్యాక చదివేవాళ్లలో సాంచా చప్పుడు వినని వాళ్లూ ఉంటారు.

పేక పోగును మోసే నాడె ఒకసారి ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతే ఒక పిక్కు. నిమిషానికి 150 పిక్కులు కొట్టే మామూలు సాంచా మీద, అంగుళానికి 44 పిక్కులు పడే పాలిస్టర్ గుడ్డ నేస్తున్నారనుకోండి. ఎక్కడా ఆగకపోతే గంటకు ఐదు మీటర్ల పైచిలుకు వస్తుంది. ఆగకుండా ఎక్కడ ఉంటుంది? నాడెలోని నూలు కండె అయిపోతుంది, పోగు తెగుతుంది, కరెంటు పోతుంది, పడుగు చుట్టిన బీము మారుతుంది. మూడింట ఒక వంతు వీటికి పోయిందనుకుంటే, పన్నెండు గంటల షిఫ్టులో ఒక్కో సాంచాకు నలభై మీటర్లకు అటూ ఇటూ. ఒక మనిషి ఎనిమిది సాంచాలు చూస్తే మూడు వందల మీటర్ల పైన. ఆ పన్నెండు గంటలూ అతను కూర్చోడు. ఒక సాంచాలో కండె మారుస్తుంటే వెనక సాంచాలో పోగు తెగుతుంది. అది కళ్లతో చూసి కాదు, చప్పుడులో తేడాతో కనిపెడతాడు. ఎనిమిది సాంచాల మోతలో ఒకదాని చప్పుడు మారడం పట్టుకోవడం ఎంత నేర్పో, ఆ షెడ్డులో పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. చెవులు పోవడం కూడా ఆ నేర్పులో భాగమే. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఇప్పుడు గమనించండి. నూలు నాసిరకమైతే పోగులు ఎక్కువ తెగుతాయి, మీటర్లు తగ్గుతాయి. నూలు కొన్నది అతను కాదు. కరెంటు పోతే మీటర్లు తగ్గుతాయి. సాంచా పాతదై పార్టు విరిగితే మేస్త్రీ వచ్చేదాకా మీటర్లు లేవు. ఇవేవీ అతని చేతిలో లేవు. అయినా వాటి నష్టం అంతా మీటరు లెక్కలోంచి, అంటే అతని పగారులోంచి పోతుంది. మీటరు కూలి అంటే పని కొలిచే పద్ధతి అనుకుంటాం. పరిశ్రమ నష్టాన్ని చడీచప్పుడు లేకుండా కిందికి దించే పద్ధతి కూడా అదే.

ఆ పగారు ఎంత ఉండాలన్నదానికి కాగితం మీద ఒక లెక్క ఉంది. 1957లో ఢిల్లీలో పదిహేనో భారత కార్మిక సదస్సు జరిగింది. కనీస వేతనం ఎట్లా లెక్కగట్టాలో అక్కడ తేల్చారు. కుటుంబం అంటే మూడు వినియోగ యూనిట్లు: భర్త ఒకటి, భార్య 0.8, పిల్లలిద్దరికీ చెరో 0.6. యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి. ఇంటి అద్దె. వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తం వేతనంలో ఇరవై శాతం. కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట. 1991లో సుప్రీంకోర్టు దీనికి ఇంకో పాతిక శాతం కలపమంది, పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్లిళ్లు, ముసలితనం కోసం. పద్ధతైన లెక్క. 72 గజాలంటే 66 మీటర్లు. ఇందాకటి కార్మికుడు తన ఎనిమిది సాంచాల మీద ఆ బట్టను రెండున్నర గంటల్లో నేస్తాడు. ఏడాదికి నలుగురికి సరిపోయే గుడ్డ నేయడానికి ఒక పూట కూడా పట్టదు. తక్కిన ఏడాదంతా అతను నేసేది ఎవరికోసమో నేసినట్టే. అయినా అతని ఇంట్లో బడి యూనిఫాం కుట్టించాలంటే వాయిదా.

ఆ సదస్సు ఇంకో మాట కూడా రాసింది. కనీస వేతనం లెక్కగట్టేటప్పుడు ఆడవాళ్ల సంపాదన, పిల్లల సంపాదన కలపకూడదని. సంపాదించే ఒక్కడి కూలితోనే ఇల్లు గడవాలని దాని భావం. సిరిసిల్లలో ఆ సూత్రం ఏ గడప దాకా వచ్చిందో చూపించమని అడుగుతున్నాను. మన దగ్గర భర్త సాంచాల మీద, భార్య బీడీల మీద. ఆమె బీడీలు లేకపోతే పొయ్యి వెలగదు. ఢిల్లీలో రాసిన లెక్కలో ఆమె 0.8 తినే నోరు. ఇంట్లో మాత్రం ఆమె రెండో జీతం, పని లేని నెలల్లో అదే మొదటి జీతం. ఇక జాతీయ స్థాయిలో కేంద్రం ప్రకటించే కనీస వేతనం సంగతి: 2019లో రోజుకు 178 రూపాయలు. అదే ఏడాది సర్కారు వేసిన కమిటీయే 375 ఉండాలంది. అంతకంటే ఎక్కువ చెప్పడం దండగ.

అసలు ఈ గుడ్డ షెడ్డుల్లోకి ఎట్లా వచ్చింది? ఈ కథలో మన తాతలు ఉన్నారు. బొంబాయి బట్టల మిల్లులకు కరీంనగర్ జిల్లా నుంచి, పాలమూరు నుంచి పద్మశాలీలు తరాల పాటు వలస పోయారు. ఆ మిల్లుల్లో పని సులువు కాదు. కానీ అక్కడ పి.ఎఫ్. ఉండేది, ఈఎస్ఐ ఉండేది, బోనస్ ఉండేది. ఇవాళ్టి మాటకు ముఖ్యమైనది ఇంకోటి ఉండేది. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి లేఆఫ్ పరిహారం పెట్టారు. నూలు లేకో, కరెంటు లేకో, మిషను చెడిపోయో, సరుకు పేరుకుపోయో యజమాని పని ఇవ్వలేకపోతే, ఆ రోజులకు మూల వేతనంలో, కరువు భత్యంలో సగం ఇవ్వాలి. అంటే పని లేని రోజు ఖర్చులో సగం యజమానిది అని ఈ దేశ పార్లమెంటు డెబ్భై ఏళ్ల కిందటే ఒప్పుకుంది. ముఖ్యమైన షరతు ఒకటి: ఆ ఫ్యాక్టరీలో కనీసం 50 మంది ఉండాలి.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది. సమ్మె గెలవలేదు, అధికారికంగా ముగియనూ లేదు. మిల్లులు మూతపడుతుంటే గుడ్డ ఆగిందా? ఆగలేదు. భీవండిలో, మాలేగావ్‌లో, ఇచల్‌కరంజిలో మరమగ్గాల మీద నేస్తూనే ఉన్నారు. మిల్లు పేరుతో అమ్మిన బట్ట కూడా కొంత షెడ్డులో నేసిందే. మనవాళ్లు చాలామంది ఆ భీవండి దారిలోనే మరమగ్గం పని పట్టుకున్నారు. సిరిసిల్ల సాంచాల వెనక ఆ చరిత్ర ఉంది. గుడ్డ మారలేదు, నేసే చేతులు చాలావరకు మారలేదు. మారింది చట్టం. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీల చట్టం వర్తించేది. షెడ్డులో ఆరు సాంచాలు, పక్క షెడ్డులో ఇంకో పేరు మీద ఇంకో ఆరు, పదిమంది ఎక్కడా లెక్కకు రారు. ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లో ఆ పదిని ఇరవై చేశారు. లేఆఫ్‌కు 50 మంది అన్న షరతు మాత్రం అట్లాగే ఉంచారు. 2025 నవంబర్ 21 నుంచి ఆ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సంస్కరణ అంటే ఇదే అయితే దాన్ని నేను సంస్కరణ అనలేను.

షెడ్డు యజమానిని తిట్టడం తేలిక. సిరిసిల్లలో మాత్రం సాంచాలు ఆసామివి, నూలు యజమానిది. సాంచాలు ఉన్న ఆసామి కూడా యజమాని ఇచ్చే బీముల మీద, మీటరు రేటుకే నేసిపెడతాడు. అతనికీ పని లేని రోజు కూలి లేదు. పైగా షెడ్డు అద్దె, కరెంటు బిల్లు అతనివే. రెండేళ్లు గిరాకీ లేకపోతే సాంచాలను పాత ఇనుము లెక్కన తూకానికి అమ్ముకున్న ఆసాములు ఈ సభలోనే ఉండొచ్చు. యజమాని పైన నూలు వ్యాపారి, ముడి గుడ్డ కొనే వ్యాపారి. సూరత్‌లో నిమిషానికి 600 పిక్కులు దాటే వాటర్‌జెట్ మగ్గాలు తిరుగుతున్నాయి. మన సాంచా 150 కొడుతుంది. ఆ పోటీలో ధర తగ్గించాల్సి వచ్చినప్పుడు ఒక్కో మెట్టు మీది మనిషి కింది మనిషికి చూపించేది ఒకే వేలు: బంద్ పెడదాం. బంద్ అంటే యజమానికి పెట్టుబడి ఆగడం. ఆసామికి అద్దె మీద పడడం. కార్మికుడికి సున్నా. 2016 నవంబర్‌లో నోట్ల రద్దు, 2017 జూలైలో జీఎస్టీ, 2020 మార్చిలో లాక్‌డౌన్. ఒక్కోదానికి ఒక్కో కారణం, ఒక్కో వాదన. కింద తేలే లెక్క ప్రతిసారీ ఒకటే. అంతకు ముందు, ఈ శతాబ్దం మొదటి ఏళ్లలో, ఈ ఊరి పేరు దేశమంతా వినిపించింది నేత కార్మికుల ఆత్మహత్యలతోనే. వాటి గురించి ఈ వేదిక మీద ఎక్కువ మాట్లాడను. ఆ ఇళ్లవాళ్లు ముందు వరుసల్లో ఉన్నారు.

బతుకమ్మ చీరల మాట చెప్పకుండా ఈ ఊళ్లో ఆర్థికశాస్త్రం లేదు. పండుగకు ఆడవాళ్లకు చీరలు పంచే ఆ ప్రభుత్వ పథకం 2017లో మొదలైంది. తొలి ఏడాది సూరత్ చీరలూ కలిపారు, వాటి నాణ్యత మీద ఆడవాళ్లు మండిపడ్డారు, అది వేరే కథ. ఆ తర్వాత ఏటా కోటి చీరలకు అటూ ఇటూగా, ఆరు కోట్ల మీటర్ల పైచిలుకు గుడ్డ ఆర్డరు సిరిసిల్లకు వచ్చింది. దీని వల్ల కూలి పెరిగిందని అందరూ చెబుతారు. పెరిగింది. నాకు అంతకంటే పెద్దదిగా కనిపించింది ఇంకోటి. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా పని ఉంటుందని కార్మికుడికి ముందే తెలియడం. తేదీ తెలిస్తే మనిషి చిట్టీ కట్టగలడు, పిల్లను హాస్టల్లో చేర్పించగలడు, భీవండి బండి ఎక్కకుండా ఆగగలడు. రేటు ఇవ్వలేని ధైర్యం అది.

దాని లోపం కూడా అక్కడే ఉంది. ఊరు మొత్తానికి ఒకే కొనుగోలుదారు అయ్యాడు. ఆ చీరల మీద పడి పాత మార్కెట్‌ను కొంతమంది వదులుకున్నారు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, ఆ చీరల పథకం ఆగింది. పాత బకాయిలు, కొత్త ఆర్డర్లు లేకపోవడం కలిసి 2024లో సాంచాలు పెద్ద ఎత్తున ఆగాయి. 2025లో స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చే చీరల ఆర్డరుతో మళ్లీ కొన్ని కదిలాయి. ఏ పార్టీ మంచిది అన్న చర్చ బయట హోటల్లో చాయ్ తాగుతూ పెట్టుకుందాం. ఇక్కడ నేను అడిగేది ఒకటే. ఆరేడేళ్లు ఏటా మూడు వందల కోట్ల స్థాయిలో ప్రభుత్వ డబ్బు ఈ ఊళ్లోకి వచ్చినప్పుడు, పని లేని నెలల కోసం అందులోంచి మీటరుకు పది పైసలు ఎందుకు పక్కన పెట్టలేదు? ఆరు కోట్ల మీటర్లకు పది పైసలంటే ఏడాదికి అరవై లక్షలు. కార్మికుల సంఖ్యతో భాగిస్తే పెద్ద సొమ్ము కాదు, ఒప్పుకుంటాను. అర్ధ రూపాయి అయితే మూడు కోట్లు. ఏడాదికి మూడు కోట్ల చొప్పున ఆరేళ్లు పోగై ఉంటే 2024లో ఆగిన ఇళ్లకు మొదటి రెండు నెలల బియ్యం, కిస్తీ దాటించేది. ఎవరికీ తట్టలేదు. ఎందుకంటే ఆ రోజుల్లోనూ అందరం రేటు గురించే కొట్లాడుతున్నాం.

కిస్తీ అన్నాను కాబట్టి ఒక మాట. పనికి తేదీ లేదు, అప్పుకు తేదీ ఉంది. గ్రూపు అప్పు ఇచ్చే ఫైనాన్స్ మనిషి ఫలానా వారం, ఫలానా పూట వస్తాడు. సాంచా నడిచిందా లేదా అన్నది అతనికి పట్టదు. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది, వసూళ్ల వేధింపుల వల్లే. అప్పు ఇచ్చేవాణ్ని కట్టడి చేయడం అవసరమే. కానీ అప్పు తెచ్చుకునే అవసరం పుట్టేది పని ఆగిన వారంలో. ఆ వారాన్ని అట్లాగే వదిలేసి ఆర్డినెన్సులు తెస్తే, ఒక పేరు పోయి ఇంకో పేరుతో అప్పు వస్తుంది. వచ్చింది కూడా. ఇప్పుడు ఫోన్లోనే ఇస్తున్నారు.

ఇక బీడీల దగ్గరకు వస్తాను. ఇక్కడ ఒక విడ్డూరం ఉంది, దాని మీద ఎవరూ తగినంత ఆలోచించలేదని నా అభిప్రాయం. షెడ్డులో మిషన్ల మధ్య పనిచేసే భర్తకు పి.ఎఫ్. నంబరు ఉండడం అరుదు. ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే భార్యకు చాలా ఇళ్లలో ఉంది. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి, వెయ్యికి ఇంత కూలి. ఆమెదీ ముక్క కూలే. షెడ్డు కూడా లేదు, సొంత గడప. మరి ఆమెకు ఎట్లా వచ్చింది?

1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేశారు. ఇంట్లో చుట్టినా ఆమె కార్మికురాలే అని అది ఒప్పుకుంది. కంపెనీలు కోర్టుకెక్కాయి. మధ్యలో కాంట్రాక్టరు ఉన్నాడు, ఆమె ఎవరో మాకు తెలియదు అన్నాయి. 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఇంటి దగ్గర చుట్టేవాళ్లకు పి.ఎఫ్. వర్తించదన్న వాదనను 1985లో కొట్టేసింది. బీడీలు వద్దని వెనక్కి తోసే హక్కు కంపెనీకి ఉంది కదా, అంటే పని మీద అదుపు ఉన్నట్టే కదా అన్నది అక్కడి తర్కం. 1976లో సెస్సు చట్టం వచ్చి, వెయ్యి బీడీల లెక్కన వసూలు చేసి, ఆసుపత్రులకు, పిల్లల స్కాలర్‌షిప్‌లకు, ఇళ్లకు పెట్టారు. జీఎస్టీ వచ్చాక 2017లో ఆ సెస్సు పోయింది. పోయినప్పుడు పెద్దగా గొడవ కాలేదు, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి ఇచ్చారు, 2019లో దాన్ని 2,016 చేశారు. బీడీ ఆరోగ్యానికి చేటు, అది తగ్గాల్సిందే, చుట్టే ఆడవాళ్ల ఊపిరితిత్తులే ముందు ఆ మాట చెబుతాయి. అయితే నెలకు ఇన్ని రోజులే ఆకు ఇస్తాం అని కంపెనీ తగ్గిస్తూ పోతున్నప్పుడు, ఆ భృతి ఒక పని చేసింది: పని లేని రోజుకు ఎవరో కొంత చెల్లించారు.

ఇందులోంచి నేను తీసుకునేది ఇది. చెదిరిన పని కాబట్టి చట్టం పట్టదు అన్నది అబద్ధం. బీడీ కంటే చెదిరిన పని ఏముంది? కార్మికుణ్ని లెక్కబెట్టలేకపోతే సరుకును లెక్కబెట్టొచ్చు. బొంబాయి రేవుల్లో, మార్కెట్లలో హమాలీల కోసం మహారాష్ట్ర 1969లో మాథాడి చట్టం చేసింది. హమాలీకి ఒక యజమాని ఉండడు, పొద్దున ఒకరి లారీ, సాయంత్రం ఇంకొకరి గోదాము. అందుకని బోర్డు పెట్టారు. కార్మికుడూ వ్యాపారీ ఇద్దరూ అందులో నమోదు కావాలి. కూలి మీద ఇంత శాతం లెవీ బోర్డుకు కట్టాలి. పి.ఎఫ్., సెలవు జీతం, బోనస్ బోర్డు ఇస్తుంది. దాని చుట్టూ అక్రమాలూ ఉన్నాయి, లేవనను. కానీ పద్ధతి యాభై ఏళ్లకు పైగా నిలిచింది.

సిరిసిల్లకు వచ్చే నూలు కోన్లన్నీ లారీల్లో, జీఎస్టీ బిల్లుతో వస్తాయి. ఎన్ని కిలోలు వచ్చాయో సర్కారు కంప్యూటర్‌లో ఉంటుంది. కిలో నూలు మీద చిన్న లెవీ, ప్రభుత్వ ఆర్డర్లలో మీటరు మీద ఇంకొంచెం, రెండూ కలిపి ఒక బోర్డు. సాంచా కార్మికుడు, బీము పోగులు అతికే వైపని మనిషి, పడుగు పోసే వార్పిన్ మనిషి, కండెలు చుట్టే ఆమె, ఆసామి కూడా, అందరూ అందులో నమోదు. బంద్ ప్రకటించిన రోజు నుంచి సగం కూలి, 1953 చట్టం లెక్క ప్రకారమే.

యజమానుల సంఘం మిత్రులు ఏమంటారో నాకు తెలుసు. కిలోకు రూపాయి పెరిగినా గుడ్డ భీవండిలో చవక, వ్యాపారి అటు పోతాడు అంటారు. ఆ మాట నిజమే. పైసల్లో బేరం జరిగే సరుకు ఇది. అందుకే మొదట బజారు గుడ్డ మీద కాదు, ప్రభుత్వ గుడ్డ మీద మొదలుపెట్టాలంటాను. బడి యూనిఫాం, పండుగ చీర, ఆసుపత్రి దుప్పటి, వీటిని భీవండి వ్యాపారి వచ్చి ఎత్తుకుపోడు. ఆర్డరు ఇచ్చేది సర్కారే కాబట్టి, మీటరుకు ఇంత బోర్డుకు జమ చేశాకే బిల్లు పాస్ అన్న షరతును ఆర్డరు కాగితంలోనే పెట్టొచ్చు. దానికి అసెంబ్లీ అక్కర్లేదు, కోడ్‌లు మార్చక్కర్లేదు, చేనేత జౌళి శాఖ రాసే ఒప్పందంలో ఒక పేరా చాలు. ఈ ఏడాది యూనిఫాం ఆర్డర్ల చర్చలు ఇంకా మొదలు కాలేదు. ఆ పేరా ఎట్లా ఉండాలో రాసి తెచ్చాను, కాపీలు బయట బల్ల మీద ఉన్నాయి. యూనియన్ వాళ్లు, ఆసాముల సంఘం వాళ్లు తలా ఒకటి తీసుకోండి. తప్పులుంటే ఇప్పుడే అడగండి, ఇంకో అరగంట ఇక్కడే ఉంటాను.